రెండు చుక్కలు

జనవరిలో నా ఉద్యోగం సముద్రం మీద నిలబడటం.
మైనస్ ఇరవై ఆరు.
హైలువొతో దీవికి ఈ ఏడు మంచుదారి వేయొచ్చో లేదో
నూరడుగులకో కన్నం తొలిచి, కొలిచి, రాసుకోవాలి.
రాసుకునేది అరచేతిలో పట్టే ఈ పాత యంత్రంలో.

కొత్త ఫోన్లకి చర్మం కావాలి.
తొడుగు తీస్తే గాని తెర మాట వినదు,
తీసిన వేలు నిమిషంలో నాది కాకుండా పోతుంది.
ఇది అలా కాదు. పెన్సిల్ మొనతో నొక్కినా,
ఒకసారి ఎండుచేప తోకతో నొక్కినా పలికింది.
పక్కకి జరిపితే బుల్లి మీటలు,
పళ్లు రాలిన దువ్వెనలా. చూడకుండానే నాకన్నీ తెలుసు.

చేసినవాళ్లు మా ఔలు ఊరివాళ్లే,
ఏటి ఒడ్డున మూడంతస్తుల అద్దాల ఆఫీసు.
"కొత్త సాఫ్ట్‌వేర్ ఆకు రాలేనాటికి వస్తుంది" అన్నారు.
ఏ ఏటి ఆకో చెప్పలేదు.
గోడ మీద రేపు రా అని రాస్తే
దెయ్యం రోజూ చదివి వెనక్కి పోతుందట.
నేను ఆరేళ్లు చదివాను.
ఉత్తరం రాస్తే ఒక మెషిన్ కృతజ్ఞతలు చెప్పింది.
మళ్లీ రాస్తే అదే మెషిన్, అవే కృతజ్ఞతలు.
నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు,
చివరికి ఆ కుర్చీలు కూడా వేలం వేశారు.
ఒకటి నేనే కొన్నాను. కొంచెం ఎడమకి ఒరుగుతుంది.

చలికి బ్యాటరీ చచ్చి లేచిన ప్రతిసారీ
దీనికి 1970 జనవరి ఒకటి.
నేనింకా పుట్టలేదు.
పుట్టనిదాన్ని, పుట్టని మంచు మీద నిలబడి
ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు అని రాస్తాను.
మా అధికారి తర్మో నవ్వుతాడు,
"తుయిరే, దాన్ని పూడ్చిపెట్టు."
నేల గడ్డకట్టింది, వసంతం దాకా ఆగు అంటాను.

నిజం చెప్పాలంటే ఒకసారి విసిరేశాను.
కన్నం పక్కన పడింది, కన్నంలో కాదు.
నా గురి అంత చెడ్డది కాదు.

అప్పుడు యల్మరి దొరికాడు.
ఒకప్పుడు ఆ అద్దాల మేడలో దీని గడియారం రాసినవాడు.
1970 తప్పు తనదేనని మొదటి ముక్కలోనే ఒప్పుకున్నాడు.
ఇప్పుడు కెమిలో రొట్టెల బట్టీ.
రాత్రి రెండింటికి, పిండి పొంగేలోపు,
దీనికి కొత్త ప్రాణం రాస్తుంటాడు, పైసా పుచ్చుకోకుండా.
ఎంతమందిమి ఉన్నాం అని అడిగాను.
"నువ్వు, నేను, యోయెన్సూలో ఒక పళ్ల డాక్టరు.
ఆయన కూడా ఈమధ్య పలకడం లేదు."

మొదటిది పంపాడు, తెర తలకిందులైంది.
వారం రోజులు తలకిందులుగానే రాశాను.
రెండోదానికి తేదీ నిలబడింది!
కానీ నెత్తిన రెండు చుక్కలుండే అక్షరాలు మాయం.
మంచుగడ్డని మేం యా అంటాం. రాస్తే మూడక్షరాలు,
మొదటిది గాలపు కొక్కెంలా ఉంటుంది,
మిగతా రెంటికీ చుక్కలు.
ఆ రెండూ పోయాయి.
చలికాలమంతా నా లెక్కల్లో కొక్కేలే,
ఎర లేని కొక్కేలు, పక్కన సెంటీమీటర్లు.
దేన్ని కొలిచావంటే తర్మోకి ఏం చెప్పను?

యల్మరిని తిట్టాను, పేజీ పొడుగున,
చుక్కల్లేకుండానే. సగం తిట్లు అర్థం కాలేదట.
"మార్చిలోగా" అన్నాడు.
ఏ మార్చి అని అడగలేదు.
ఆశ అంటే బహుశా ఇంతే, ఏడాది అడక్కపోవడం.

ఇవాళ మార్చి పందొమ్మిది. ఇదే చెప్పింది.
మూడోది వచ్చింది.
ఎక్కుతున్న నలభై నిమిషాలూ చలి తగలకుండా
కోటు లోపల పొట్టకానించుకుని
కోడి గుడ్డుని పొదిగినట్టు పొదిగాను.
లేచింది. నొక్కాను.
కొక్కెం. చుక్కలు. మళ్లీ చుక్కలు.
యా.

మంచుగడ్డకీ, ఉండిపోతుంది అనడానికీ
మాకు ఒకటే మాట.
దారి మాత్రం ఎల్లుండి మూసేస్తారు,
బూట్ల కింద అప్పుడే నీటి చప్పుడు.
దీన్లో చప్పుడే ఇంకా రావడం లేదు,
యల్మరికి రాయాలి.