నీళ్ల చావి

ఉత్తర్వు మరాఠీల వచ్చింది, ఆరు పేజీలు.
చింతరేవుల, వడ్లగట్టు, నల్లమొరం, మా ఎర్రగుంట,
నాలుగు ఊర్లను దారమేసి ఒక్క కట్ట కట్టిండ్రు.
"ఇగ మీ పెత్తనం మీదే" అన్నడు చదివిన గ్రామసేవకు,
తన కుర్చీ ఎటు పోతదో తెల్వక
మాటిమాటికి కండ్లద్దాలు తుడుసుకుంట.

నేను దుర్గం బానయ్యను. నీళ్లు ఇడిసేటోన్ని.
నాలుగడుగుల ఇనుప చావి నా భుజం మీద
పందొమ్మిదేండ్ల సంది.
ఉత్తర్వుల నా పేరు లేదు, చావి పేరు లేదు.

ఇంతకుముందు పైపు పగిల్తె
కాగితం సిరొంచకు పొయ్యేది, ఆడికెల్లి గడ్చిరోలి,
ఆడికెల్లి ఎటు పొయ్యేదో ప్రాణహితకే ఎరుక.
జవాబు వచ్చేలోపట
సైకిల్ ట్యూబు చుట్టి రెండు ఎండకాలాలు ఎల్లదీసినం.
ఇప్పుడు కాగితం మన బజారు దాటే పని లేదట.
మంచిదే.

కాని పసిబిడ్డకు ఆర్నెల్లకు మొలిచేది
మా నగరానికి పుట్టంగనే మొలిచింది: పన్ను.
ఇంటికి అరవై ఉన్నది మూడువందల నలభై.
"పుట్టుపన్ను మేనమామకు కీడు" అన్నది గాజుల రాజుబాయి
రసీదును ఎలుతురుకు పట్టి చూస్తు.
"ఈ పిల్లకు మేనమామ ఎవడురా బానిగా,
ముంబయిల ఉన్నడా, నాగపూర్లనా?"

ఓట్లల్ల గెలిచింది ఆత్రం మారుబాయి.
కాగితంల నగరాధ్యక్ష. మా నోట్లె మేయరమ్మ.
తునికాకు కల్లంల కట్టలు లెక్కవెట్టిన మనిషి.
లెక్క తెలుగుల, సంతకం మరాఠీల,
కోపమొస్తె గోండిల.
ప్రమాణం నాడు బూందీ పంచిండ్రు,
తాగనీకి నీళ్ల డ్రమ్ములు నేనే మోసిన.

మొదటి మీటింగుల దఫ్తరు ఏ ఊర్లె అని
పదిహేడు మంది పొద్దూకెదాక కొట్లాడుతుంటె
ఆమె అడిగింది,
"నల్లమొరంల కడపటి నల్లాకు నీళ్లెందుకు రావు?"
ఎవ్వలూ నా దిక్కు చూడలె.
నేను కిటికీ అవుతల ఉన్న.

ఓ తెల్లారుగట్ల నాలుగింటికి
వాల్వు గుంత కాడికి వచ్చింది, ఒక్కతే, చేతుల టార్చి.
"చావి ఇటియ్యి."
ఇచ్చిన. బరువుకు వంగింది, ఇడిసిపెట్టలె.
ఒకటి. రెండు. మూడు.
"చాలా?"
చాలన్న.
"మరి నిన్న నేను ఆ గోడ చాటుకు నిలవడ్డప్పుడు
ఇనుము ఇంకింత కిర్రుమన్నది గదా."

ఆ ఇంకింత.
నా వాడకు పావు తిప్పు.
మా అక్క బిందె నిండాలెనని మొదలైంది ఒక ఎండకాలం,
తర్వాత సావుకారి ఇంటికి,
తర్వాత అలవాటుకు.
పెత్తనం ఎన్నడో దిగింది మా ఊరికి,
ముంబయికెల్లి కాదు, నా మణికట్టుకెల్లి,
ఎవ్వల ఉత్తర్వు లేకుంట.

ఆమె తిట్టలె. గోండిల కూడ తిట్టలె.
"రేపటి సంది తిప్పినప్పుడు ఒర్రి లెక్కవెట్టు,
వాడంత ఇనవడేటట్టు" అన్నది,
చేతికంటిన తుప్పు కొంగుకు తుడుసుకుంట పోయింది.

ఇప్పుడు రోజు నాలుగింటికి ఒర్రుతున్న,
ఒకటీ, రెండూ, మూడూ.
వాకిలి ఊడ్సుకుంట రాజుబాయి నాతోని లెక్కవెడ్తది,
మూడువందల నలభై కట్టిన గొంతుతోని.
నల్లమొరం కడపటి నల్లా
మొన్న తుప్పునీళ్లు దగ్గింది, నిన్న ఉట్టి గాలి.
దఫ్తరు సంగతి ఇంకా తెగలె.
మూడు కాంగనే నేను ఆగుత.
చెయ్యి ఆగదు.
అది ఇంకా పాత ఊర్లనే ఉన్నది.