రేకులు

ఆకుపచ్చ చొక్కాల పదకొండు మంది
నా నావలోంచే దిగారు కోరింగ బురదలోకి.
రెండు గంటల్లో మూడు వందల మడ మొక్కలు.
మొక్కకో రేకు, రేకు మీద
సముద్రాల అవతలి పేరు.

పీతల గంపతో ఎల్లారమ్మ
ఆసాంతం గట్టు మీదే నిలబడింది.
ఆమెనెవరూ అడగలేదు.
నేనూ నోరు విప్పలేదు,
డీజిలు డబ్బులు ముందే ఇచ్చేశారు మరి.

అమావాస్య పోటుకి మొక్కలన్నీ పోయాయి.
రేకులు మాత్రం
వారానికొకటి వలలో పడేవి.
ఒకదాన్ని తలుపు సందులో దూర్చాను
గాలికి కొట్టుకోకుండా.

మరుసటేడు వాళ్ళలో ఒకమ్మాయి, హన్నెకె,
ఒక్కతే వచ్చింది.
వచ్చీరాని తెలుగులో "నేను ఏమి చెయ్యాలి?" అంది.
"కూచో" అంది ఎల్లారమ్మ.

కూచుంది.
పోటు ఎక్కింది, పాటు తీసింది, మళ్ళీ పోటు.
దోమలు. మూడో రోజు జ్వరం.
తొమ్మిదో రోజున
నీళ్ళు ఎక్కడ నెమ్మదిస్తాయో వేలు పెట్టి చూపించింది.
"అక్కడ కాదే పిల్లా" ముసలిది నవ్వింది,
"ఇంకో నాలుగడుగులు ఇవతలికి."

వెళ్ళేనాటికి ఒక్క మొక్కా నాటలేదు.
గంప మోసింది, మడకాయలు ఏరింది,
పీతతో వేలు కొరికించుకుంది,
నాతో కిరాయి బేరమాడి యాభై తగ్గించింది.

పోయేముందు మా ఇంటికి టీకొచ్చి
తలుపు దగ్గర వంగి చదివింది:
"ఇది మార్టిన్‌ది."

"తియ్యమంటావా?" అన్నాను.

కాసేపు ఆ తలుపుని ఊపి చూసింది.
"వద్దు," అంది,
"ఇక్కడైతే పనికొస్తోంది."