చిట్టెం

కాన్సెట్ ఊరి దిగువన వాగులో
రాళ్ళన్నీ సున్నం వేసుకుని కూర్చున్నాయి.
పెళ్ళి లేదు, పండగ లేదు,
ఎవరూ కుంచె పట్టలేదు.

గట్టు మీద గడ్డి. గడ్డి కింద గుట్ట.
గుట్టంతా
నూరేళ్ళు పైబడి కొలిమి ఉమ్మేసిన చిట్టెం.
ఉక్కు ఎటో వెళ్ళిపోయింది,
పట్టాలై, వంతెనై, ఓడ అడుగై,
ఎవరి వంటింట్లోనో గరిటై.
వెళ్ళనిది ఇదొక్కటే.
వాన పడినప్పుడల్లా
కొంచెం కొంచెంగా బయటికి నడుస్తుంది.

నా పని సీసాలు నింపడం.
పన్నెండు సీసాలు, పన్నెండు చీటీలు.
తూము దగ్గర ఒకటి, కర్ర వంతెన కింద ఒకటి,
పిల్లలు చెప్పులు విడిచే చోట రెండు.
మీటరు ముల్లు పదకొండున్నర దాటి ఆగుతుంది.
నీళ్ళు మాత్రం అద్దం.
అబద్ధమాడే నీళ్ళు మురిగ్గా ఉండవని
ఈ ఉద్యోగంలోనే తెలిసింది.

పోయిన నెల సీసాల్లో సీసం కొంచెమే.
క్రోమియం ఉంది. వెనేడియం చాలా ఉంది.
అది ఎవరో మంచుదేశపు దేవత పేరట.
గుడి లేదు, పూజ లేదు,
లీటరుకి ఇన్ని మైక్రోగ్రాముల లెక్కన
వాగు వెంట ఊరేగుతోంది.

నార్మన్ హెస్లప్ కుక్కతో వస్తాడు.
ఎనభై మూడేళ్ళు.
వయసులో చిట్టెం బండి నడిపాడు.
కరిగింది కరిగినట్టే గంగాళాల్లో
రాత్రిపూట గుట్ట కొమ్ముకి తోసుకెళ్ళి
బోర్లించేవాడు.
"ఆకాశం ఎర్రబడేది.
మా అమ్మ ఆ వెలుగులోనే మేజోళ్ళు కుట్టేది,
కరెంటు కలిసొచ్చేది" అంటాడు.
కుక్క ఈ నీళ్ళు ముట్టదు.
"అది నాకంటే చదువుకుంది" అంటాడు.

రాజోలులో మా పెదనాన్న మందులు నూరేవాడు.
ఇనప చిట్టెం ఎంత ముదిరితే అంత గుణమని
పాత కమ్మరి కొలుముల చుట్టూ తవ్వుకొచ్చేవాడు.
నిప్పుల్లో కాల్చి, గోమూత్రంలో ఆర్పి, మళ్ళీ కాల్చి,
కాటుకలా నూరి
పాలిపోయిన బాలింతలకి తేనెతో నాకించేవాడు.
ఆయనకీ గుట్ట చూపించాలనిపిస్తుంది,
ఇదిగో, ఇంత మందు, అని.
కానీ పెదనాన్నా,
ఇక్కడెవరూ ఆర్పలేదు. ఎవరూ నూరలేదు.
రోగం ఏమిటో అడక్కుండా
వాగుకి తాగించారు.

ఇవాళ చెంచా మర్చిపోయాను.
తొడుగులు తీసి పులిహోర చేత్తో తిని,
చెయ్యకూడని పని,
పరధ్యానంగా వాగులో వేళ్ళు కడిగాను.
వేళ్ళు ఎర్రబడ్డాయి.

నార్మన్ కర్ర వదిలేసి పరుగెత్తబోయాడు.
"రక్తమా?"
కాదు, పసుపు. పసుపుకి సున్నం తగిలితే ఇంతే.
మా ఇళ్ళల్లో పళ్ళెంలో కలిపి
మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి
దిష్టి తీసి బయట పారబోస్తాం.
"బయటంటే?"
వీధిలో. నాలుగు దారులు కలిసే చోట.
"తొక్కినవాడి సంగతి?"

నా దగ్గర మీటరు ఉంది, ఐసుపెట్టె ఉంది,
ఆ ప్రశ్నకి జవాబు లేదు.
గుట్ట వైపు చూశాను. అతనూ చూశాడు.
పూటకో గంగాళం,
ఉక్కు చుట్టూ తిప్పి తిప్పి
ఎవరి నాలుగుదారుల్లో పోశారో.

చాలాసేపటికి సంచీలోంచి
ఒక లీక్ మొక్క తీశాడు.
మోచేతి పొడుగు, తెల్లటి కాడ, వేళ్ళకి మన్ను.
"సెప్టెంబరులో పోటీ ఉంది.
రెండు వేసవులు ఈ నీళ్ళే మోసి పోశాను.
మా చెల్లెలు వీటితోనే సూపు కాస్తుంది.
ఊరికే అడుగుతున్నా."

ఊరికే అడిగినవాడు
మొక్కని వేళ్ళతో సహా పీక్కొచ్చాడు.

పన్నెండు సీసాల మధ్య దాన్ని పడుకోబెట్టాను.
పదమూడో చీటీ లేదు.
డైరీలోంచి కాయితం చింపి,
ఏ అంకె వెయ్యాలో తెలియక
అతని పేరు రాశాను.
కాయితం అంచుకి
కొంచెం ఎరుపు అంటుకుంది.