గాలికెదురు

సముద్రం ముచ్చట చెప్పాల్నంటె మా మామ అంజిలయ్య
కల్వకుర్తికి నీళ్ల ట్యాంకరొచ్చిన పొద్దు కాడ మొదలువెడ్తడు.
"బిందెల లైను జూసినవ్ గదా,
గట్లనే ఇమానాలు,
ఒకదానెన్క ఒకటి, రెక్కలు మడుసుకోని."

మోటర్ వైండింగ్ దుకాణం. రేకుల కప్పు.
కాలిన రాగితీగ వాసన.
నేను పన్నెండో నంబర్ పానా అందిస్త.
ఆయన దాన్ని బల్ల మీద నిలువుగ పెడ్తడు.
ఇది సీహాక్. ఈ బల్ల డెక్కు.
"ఆమనగల్లు గొర్ల అంగడంత జాగ. గంతే.
అంచు దాటితె కాలు పెట్ట భూమి లేదు."

జొన్నచేన్ల మంచె మీద నిలవడి
వడిసెల తిప్పి పిట్టల బెదిరిచ్చిన కురుమోళ్ల పిలగాడు
నేవీల చేరితె ఏం పనిచ్చిండ్రనుకున్నవ్?
ఇమానం చక్రాల కింద చెక్కలు పెట్టుడు.
చెయ్యి ఊపంగనే గుంజుడు.
ఎత్తు మీద ఆగిన బండికి రాయి అడ్డం పెట్టినట్టు.
"మనకు రాని పని ఒక్కటి సుత చెప్పలే వాళ్లు."

డెబ్బై ఒకటి. డిసెంబర్.
ఓడల ఒక బాయిలర్ పగిలి ఉన్నది.
ఓడ ఉరికితెనె ఎదురుగాలి,
ఎదురుగాలి ఉంటెనె ఇమానం లేస్తది.
బంగాళాఖాతం గా పొద్దు
గిన్నెల పోసిన నూనె లెక్క కదలకుంట పన్నది.
కుంటుకుంట ఓడ అటు మల్లె, ఇటు మల్లె,
గాలి ఏ దిక్కున్నదో ఎతుక్కుంట.

మామకు కళ్లం యాదికొచ్చిందట.
చాటల జొన్నలు నెత్తి మీదికెత్తి
చేతులు గుంజుతున్నా దించకుంట నిలవడ్డ అవ్వ.
పొట్టు ఎగరాలె, గింజ రాలాలె,
దానికి జరంత గాలి గావాలె.

వచ్చింది.
ముందు చెవి కాడ, తర్వాత చెంప మీద.
చెక్క గుంజి పక్కకు బోర్ల పండిండు.
వడిసెల ఒక పేట ఇడిసినట్టు
ఆవిరి ఒక్కటే దెబ్బ.
ఇమానం అంచు దాటి కిందికి జారింది, కనపడకుంటైంది.
నీళ్లు. నీళ్లు.
మల్ల దూరంగ, చిన్నగ, పైన.

"చిట్టగాంగ్ రేవుల ఓడలు ఎట్ల మునిగినయి మామా?"

పానా తుడుసుకుంట కూసున్నడు శానసేపు.
"నేనేం జూసిన్రా.
పోయేటప్పుడు రెక్కల కింద నిండుగున్నయి.
వచ్చేటప్పుడు అల్కగున్నయి.
నడుమ ముచ్చట నాకు ఎవలు చెప్పలే,
నేను అడగలే."

పొద్దుగూకంగ లెక్క.
మంద దొడ్లెకు మర్లినట్టు ఒక్కొక్కటి దిగుతుంటె
తీగ కొక్కేనికి తగిలి గుంజి ఆపుతుంటె
ఈయన నోట్లనే లెక్కవెట్టిండు, జతలు జతలుగ,
తాత నేర్పిన లెక్క.
అన్ని వచ్చినయి. ఒక్కటి తక్కువ గాలే.
డెక్కు మీద కేకలు, ఈలలు,
ఎవడో అల్యుమినియం మగ్గుల చాయ్ తెచ్చిచ్చిండు.

తాగుకుంట ఇంకోసారి లెక్కవెట్టిండట.
సరిగనే ఉన్నది.
"తోడేళ్ల మందల లెక్క ఎప్పుడు సరిగనే ఉంటది" అన్నడు నాతోని,
ధర చెప్పినంత మామూలుగ,
అని, చాయ్ మగ్గు ఎక్కడ పెట్టిండో ఎతుకబట్టిండు.

గింతల వంగూరు దిక్కు రైతొకడు
మోటర్ భుజాన మోసుకోని వచ్చిండు.
బోరు ఎండింది తెల్వక రాత్రంత నడిచి కాలిపోయిందట.
నూట ఎనభై అడుగుల లోతుల నీళ్లు లేవని చెప్తుంటె
సముద్రం మీద నాలుగేండ్లు బతికిన మనిషి
తలకాయ ఊపుకుంట ఇంటున్నడు.

మూడు దినాలకు తీగ చుట్టి కరెంటిస్తె
మోటర్ తిరిగింది.
ఎన్క ఫ్యాను గాలి మొకానికి కొట్టింది.
మామ ఎడమ కాలు ఎన్కకేసి, ఒంటి మోకాలు మీదికి వంగి,
ఒక్క గడియ అట్లనే ఉన్నడు.
రైతు నా దిక్కు జూసిండు. నేను రాగితీగ దిక్కు జూసిన.

రాత్రి షట్టర్ గుంజినంక
ఇంటి ముంగట టీవీఎస్ ఆపి
చదును నేల మీద, ఎన్క చక్రం కింద, రాయి పెడ్తడు.
వేలు తడి జేసి పైకెత్తి
గాలి ఎటున్నదో జూస్తడు.
అప్పుడు లోపలికి పోతడు.