కూత

నర్సాపురంలో లేసు కొట్టు మీద మేడగది.
ఆరింటికి స్పోకెన్ ఇంగ్లీషు.
రొయ్యల షెడ్డు నుంచి నేరుగా వస్తాం.
నిమ్మచెక్కతో ఎంత రుద్దుకున్నా
వేళ్ల సందుల్లో వాసన
మాకంటే ముందే బెంచీ మీద కూర్చుంటుంది.

దావీదు మాస్టారు రోజుకో జంతువుని
బోర్డు మీదికి తోల్తారు.
"ఇట్స్ రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్."
కుక్కలూ పిల్లులూ కురుస్తున్నట్టట, వాన.
అందరూ నవ్వారు, నాకు రాలేదు.
మా లంకలో ఆ ఏడు
అవి పైనుంచి పడలేదు,
పక్కనుంచి వెళ్లాయి.
కొట్టుకొచ్చిన గడ్డివామి మీద ఒక కుక్క,
రెండు మూరల అవతల తాచుపాము,
ఒకదాన్నొకటి పట్టించుకోకుండా
రెండూ నీళ్లకేసే చూస్తూ.
దాన్నేమంటారో అడుగుదామంటే
నా దగ్గరున్న ఇంగ్లీషు చాల్లేదు.

"బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అన్నరోజు
"కోర్టులో పడ్డ బంతి ఇంకేం తిరిగొస్తదండీ"
అన్నాడు ఐసు లారీ పేరిబాబు.
ముప్పై సెంట్ల దిబ్బకి
వాళ్ల తాత వేసిన దావా.
ఇప్పుడు వాయిదాలకి ఇతను తిరుగుతున్నాడు.
మాస్టారు చాక్‌పీసు పక్కన పెట్టి
"ఎన్నో తారీకు?" అన్నారు.

గోల్‌పోస్టు జరపడం మాత్రం
ఎవరికీ విడమరచక్కర్లేకపోయింది.
గోల్‌పోస్టు మేం చూసెరగం,
గట్టు జరగడం ఎరుగుదుం.
నాన్న కౌలుచేను హద్దురాయి
ఒక వరదకి నీళ్లలో,
మరో వరదకి అవతలొడ్డు వాళ్ల ఇసకలో.
కౌలు మాత్రం అణా తగ్గలేదు.

మంగతాయారు నోటుబుక్కులో
ఒకవైపు వాళ్లది, ఎదురుగా మనది.
మొసలి కన్నీళ్లు రెండువైపులా ఒకటేనని తెలిసి
"అక్కడా ఇలాగే ఏడుస్తాయా!" అని సంబరపడింది.
మన గోడమీది పిల్లి
వాళ్ల దగ్గర కంచె మీద మనిషైంది.
పీత కష్టాలు పీతవి, అని రాసి
ఎదురుగా ఏమీ దొరక్క
ఖాళీ వదిలేసింది.
ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ తర్వాత వచ్చింది ఏనుగు.
"గదిలో ఏనుగుంటుంది. అందరికీ కనపడుతుంది.
ఎవరూ దాని ఊసెత్తరు."
ఫ్యాను చప్పుడు పెద్దదైంది.
షెడ్డులో సూపర్‌వైజరు పోస్టు
ఒక్కటే.
ఒకే బెంచీ మీద తనూ నేనూ,
ఒకే పొట్లంలో బజ్జీలు,
నా పంటు టిక్కెట్టు తనూ తన టిక్కెట్టు నేనూ తీసుకునే నాలుగేళ్లు.
తొండం తన ఒళ్లో, తోక నా ఒళ్లో వేసి
అది మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.

ముందురాత్రి ఆఖరి పంటు మీద
తనే మొదలెట్టింది.
"చిన్నప్పుడు చెడుగుడు ఆడేదానివా?"
"ఆయ్."
"ఇదీ అంతేనే. ఊపిరి బిగబట్టి గీత దాటు.
కాళ్లు పట్టుకుంటారు, మీద పడతారు,
కూత తెగనియ్యకు.
వేలి కొసతోనైనా వెనక్కొచ్చి గీత ముట్టుకో, చాలు."
తనకోసం దాచుకున్న మాట
నాకిచ్చేసి
నీళ్లకేసి తిరిగిపోయింది.

ఏసీ గది. కొచ్చిన్ నుంచొచ్చిన మేనేజరు.
"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."
గీత దాటాను.
రెండో వాక్యంలోనే భూతకాలం మడమ పట్టుకుంది,
మరొకటేదో నడుముకి చుట్టుకుంది.
వదిలించుకుంటూ, ఈడ్చుకుంటూ,
ఐసుబాక్సులూ కౌంటు పట్టీలూ లంకా నాన్నా
అన్నీ ఒకే ఊపిరిలో
చెప్పానో, కూశానో.

బయట వరసలో తర్వాత తనే.
తెగిందా, అని అడిగాయి కళ్లు.
నేనేం మాట్లాడలేదు,
అప్పటికి ఊపిరి లేదు.
వంగి చేత్తో గడప తాకాను.

లోపల్నుంచి తన పేరు పిలిచారు.
మంగతాయారు గుండెనిండా గాలి పీల్చుకున్న చప్పుడు
నాకు వినపడింది.