రెండో మైకు

గవర్నర్‌పేటలో కాఫీ పొడి మర మీద
కోడిగుడ్ల అట్టలు గోడలకంటించిన గది, నా స్టూడియో.
మర ఆగేది రాత్రి తొమ్మిదింటికి.
అప్పుడు మొదలెట్టేవాళ్లం,
ఆ వాసనలోనే.

దిడ్ల గాబ్రియేలు పెదవడ్లపూడి నుంచి
సాయంత్రం ప్యాసింజర్లో దిగేవాడు.
భుజాన తంబుర, వెనక ఎవరో ఒకరు.
"ఒక్కడే పాడితే అదేం పాటండీ,
బావిలోకి తొంగి చూసుకోడం."
క్యాసెట్ కవరు మీద పక్కవాళ్ల పేరు పైన, తన పేరు కింద.
మోసేవాడు కిందుండాలి గదా, అనేవాడు.

మొదట పేరంటాలు.
దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ములు ఏరే మనిషి.
మైకుని కొడవలి పిడిలా పట్టుకుంది.
వేళ్ల పసుపు జాలీకంటి నాలుగేళ్లు పోలేదు,
నేనూ తుడవలేదు.
ఆవిడ ఎత్తుకున్న శ్రుతి అందక
గాబ్రియేలు సగం చరణంలో నవ్వేశాడు.
ఆ నవ్వు కొయ్యడానికి కత్తెర తీసి
మళ్లీ సొరుగులో పడేశాను.
ఊళ్లల్లో ఆ టేపు
నవ్వున్న చోటే ఎక్కువ అరిగింది.

లాలూ సాహెబ్ నాదస్వరం గదిలో పట్టలేదు.
ఆయన్ని మెట్ల మీద నిలబెట్టి, తలుపు బెత్తెడు తెరిచి,
సూది ఎర్రగీత దాటబోయినప్పుడల్లా
కాలితో తలుపు నొక్కేవాణ్ణి.
రంజాను నెల.
రోజంతా పస్తున్నవాడికి అంత ఊపిరి ఎక్కడిదో,
కింద వాచ్‌మన్ నిద్రలోంచి లేచి
చొక్కా తొడుక్కున్నాడు.

కాసియో తెచ్చిన పాలిటెక్నిక్ కుర్రాడికి తాళం తప్పితే
ఆ తప్పిన చోటికే వెళ్లి కలుసుకున్నాడు గాబ్రియేలు.
కుర్రాడికి తెలీదు.
చాన్నాళ్లు నాకూ తెలీదు.

కోటయ్యతో మాత్రం మాటల్లేవు.
కాలవ నీళ్ల వంతు దగ్గర ఆరేళ్ల కిందటి తగువు.
వంతుకి పడనివాళ్లు వంతకి వచ్చారు,
ఒకే మైకుకి అటొకడు, ఇటొకడు.
ఎద్దుల బేరం పాట.
అమ్మేవాడు కోటయ్య, కొనేవాడు ఇతను.
రాసుకున్న చరణాలు అయిపోయినా ఆగలేదు.
బేరం ఎద్దుల్ని దాటి గట్టెక్కి,
గట్టు దిగి,
"మూడో తూము" దగ్గర గొంతు చించుకుంది.
టేపు అయిపోయి చక్రం మీద కొస టపటపలాడుతోంది.
వగరుస్తూ కోటయ్య అడిగాడు,
"ఆఖరి బండి పోయిందా?"
ఆరేళ్ల తర్వాత మొదటి మాట.
పోయింది.
ఇద్దరూ నా చాప మీదే పడుకున్నారు, వీపులు తగిలించుకుని.

ఒక్కడే వచ్చింది ఒకేసారి.
రైళ్లు ఆగిన వాన రాత్రి,
బ్యారేజీ మీంచి నడిచొచ్చాడు,
తంబుర మీద ఎరువుల సంచి కప్పి.
"పేరంటాలు రాదండి" అన్నాడు.
నేనడగలేదు.
"రెండో మైకు తెరిచే ఉంచండి."

తన చరణం పాడాడు. ఆగాడు,
సరిగ్గా ఆవిడ ఊపిరంత.
మళ్లీ పాడాడు. మళ్లీ ఆగాడు.
ఆ ఖాళీలోకి ఫ్యాను వచ్చింది,
రేకుల మీద వాన వచ్చింది,
ఏలూరు కాలవ పక్కన రిక్షా బెల్లొకటి.
నాలుగోసారి ఆగినప్పుడు
ముప్పయ్యేళ్లుగా అద్దం ఇవతల నోరు మూసుకున్న నేను
తెలీకుండా "ఊఁ" అన్నాను,
కథ వినే పిల్లాడిలా.
రెండో సూది ఉలిక్కిపడింది.
గాబ్రియేలు నావైపు చూశాడు,
ఆ "ఊఁ" మీదే తర్వాతి చరణం ఎత్తుకున్నాడు.

కొట్టేస్తానన్నాను.
"ఉండనీండి. ఎవరో ఒకరున్నారు గదా."

కవరు అచ్చుకి వెళ్తే ప్రెస్సువాడు అడిగాడు,
పక్కన పాడిందెవరు, పేరు చెప్పండి, పైన వెయ్యాలి.
సిగ్గేసి
రేపొస్తానని చెప్పి వచ్చేశాను.
మర ఎత్తేశారు, అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు.
టేపు నా దగ్గరే ఉంది.
మూత తీస్తే కాఫీ వాసన.
పసుపు మైకు ఎవరికిచ్చానో
గుర్తులేదు.