మూడు మిల్లీమీటర్లు

ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున్నే
నా దుకాణం ముందు ఇరవై ఆరు సైకిళ్లు.
కుర్రాళ్లు ఇరవై ఆరుగురు, కొలత ఒక్కటే.
అసలు అడిగేవాళ్లు కూడా కాదు,
కుర్చీ ఎక్కి కళ్లు మూసుకునేవాళ్లు.
కురొమోరి బడి బేస్‌బాల్ జట్టులో చేరడమంటే
ముందు నా దగ్గర జుట్టు వదిలెయ్యడం.

కోచ్ ఒనోదెరా గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేవాడు
గోదాములోకి బస్తాలు దించుతున్నట్టు.
"చూశావా కువబరా, గని ఇంజనీరు కొడుకెవడో
తట్ట మోసేవాడి కొడుకెవడో చెప్పు చూద్దాం!"
చెప్పలేకపోయేవాణ్ని. నాకూ అది గర్వంగానే ఉండేది.

కానీ జుట్టు పోయాక తల ఏదీ దాచుకోలేదు.
చెవి వెనక, బ్యాటు పిడి తగిలిన చోట
నేరేడుపండు రంగు.
నేను పౌడరు అద్దాను.
ఇరవై ఏళ్లు అద్దాను.
దెబ్బకి దెయ్యం వదులుతుందనే రోజులు,
ఆ పిల్లలకి ఏ దెయ్యం పట్టిందో ఎవరం అడగలేదు.

ఆట మధ్యలో నీళ్లు తాగితే ఒళ్లు మెత్తబడుతుందనేవాడు ఒనోదెరా.
ఆగస్టు ఎండలో ఇసొగై అనే బక్కవాడు
"తల దురదగా ఉంది, కడుక్కుంటా" అని పరిగెత్తుకొచ్చి
నా సింకు మీద వంగి
కుళాయికి నోరు ఆనించేవాడు.
నేను అటు తిరిగి దువ్వెనలు సర్దుకునేవాణ్ని.
ఒనోదెరాతో చెప్పలేదు.
నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను,
లేదా అన్నిటికంటే తేలికైన పని.

గని మూతపడింది.
సైకిళ్లు పంతొమ్మిది. పదకొండు. ఒక ఏడు నాలుగు.
సంసారాలు సంసారాలే సెందాయ్ బస్సెక్కాయి.
మిగిలిన తల్లులకి వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు.
ఆదివారం కోచ్‌కి చల్లటి టీ పొయ్యడం తల్లుల వంతు,
ఎన్నాళ్ల ఆచారమో అది.
ఒకనాటి మీటింగులో కియుచి వాళ్ల కోడలు లేచింది:
"రాత్రంతా ముసలివాళ్ల ఒళ్లు తుడిచి వస్తాను.
పొద్దున్నే ఆయన గ్లాసు కూడా నేనే తుడవాలా?
చేతులున్నాయిగా ఆయనకి."
కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదట.
తర్వాతి వారం కోచ్ తన ఫ్లాస్కు తానే తెచ్చుకున్నాడు.

ఇప్పుడు నాలుగు బళ్లు కలిస్తే ఒక జట్టు.
ఎవరి బడి చొక్కా వాళ్లదే,
మైదానం దండెం మీద ఆరేసిన బట్టల్లా ఉంటుంది.
క్యాచర్ జునెల్ తల్లి దవావ్ నుంచి
కుట్టు ఫ్యాక్టరీకి వచ్చిన మనిషి;
మూడు భాషల్లో అరుస్తుంది,
అంపైర్‌కి మూడూ అర్థమవుతాయి.
కొట్టకూడదు, దానికో ఫారం ఉంది.
జుట్టుకీ ఒక ఫారం: ఎవరిష్టం వారిది.
ఫోనులో ఫొటో చూపించి
"పక్కల సన్నగా, పైన అలలా" అంటారు కుర్రాళ్లు.
అరవై ఎనిమిదో ఏట వీడియోలు పెట్టుకుని
నా పనికి నేనే ఓనమాలు దిద్దుతున్నాను.

మొన్న ఐదో ఇన్నింగ్స్‌లో అంపైర్ చెయ్యెత్తి ఆట ఆపాడు,
నీళ్లు తాగమని.
స్టాండులో నా పక్కన ఇసొగై. తాతయ్యాడు.
పిల్లలు సీసాలెత్తి గటగటా తాగుతుంటే
వాడి గొంతు కూడా ఒకసారి కదిలింది.
పదకొండుకి రెండుతో ఓడిపోయాం.
ఆట గురించి వాడేమీ అనలేదు.

సాయంత్రం పిచర్ వచ్చింది, మినసె,
పద్నాలుగేళ్ల పిల్ల.
కుర్చీ ఎక్కి "మూడు మిల్లీమీటర్లు" అంది.
ఎవరు చెయ్యమన్నారమ్మా?
"ఎవరూ అనలేదు. టోపీలో ఉడికిపోతోంది."
ఆ కొలత దువ్వెన సొరుగు అడుగున దొరికింది,
పాత నూనె వాసనతో.

జుట్టు రాలింది. చెయ్యి దానంతటదే ఆగి
చెవి మడిచి వెనక చూసింది.

దోమ కుట్టిన మచ్చ.

గోక్కోకు అని చెప్పి
పౌడరు డబ్బా మూత పెట్టేశాను.